ఫోటో మీద ఎవరి పేరు?

గత ఏడాది షవ్వాల్ నెలలో ఒక రాత్రి, ఇషా నమాజు తరువాత, చెన్నూరులోని మా మద్రసాకు ఒక పెద్దమనిషి వచ్చారు. ఆయన కూతురి నికాహ్ జరిగి అప్పటికి మూడు వారాలు. "హజ్రత్, ఇది చూడండి" అంటూ ఫోను మా ముందు పెట్టారు. నలభై సెకన్ల వీడియో అది. ఆడవారి పందిట్లో పెళ్లికూతురి చేతులకు చెల్లెళ్లు మెహందీ పెడుతున్నారు. వీడియో తీసిన స్టూడియోవారు తమ ప్రచారం కోసం దానిని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్నారు. కింద ఒక మూలన స్టూడియో పేరు, ఫోను నంబరు బంగారు రంగు అక్షరాలలో వేసుకున్నారు. తరువాత ఎవరో ఆ మూలను కత్తిరించి, సినిమా పాట జోడించి, మరో పేరుతో ఊరంతా తిప్పారు.

"వాళ్ల షాపు పేరుకు వాటర్‌మార్క్ ఉంది. మా బిడ్డల ముఖాలకు ఏముంది హజ్రత్?" అని ఆయన అడిగారు.

మా వద్ద జవాబు లేదు. హదీసు పాఠం చెప్పుకునే వారికి ఫోటోల విద్యతో పనేమిటని ఊరుకోనూ లేకపోయాము. కడపలో కంప్యూటరు చదువులు చదువుతున్న మా పూర్వ విద్యార్థులను పిలిపించి, ఈ వయసులో వారి ముందు విద్యార్థులమై కూర్చున్నాము.

వాటర్‌మార్క్ అన్నది కాగితంతో పుట్టిన మాట. 13వ శతాబ్దం చివరలో ఇటలీలోని ఫాబ్రియానో పట్టణపు కాగితం పనివారు తమ జల్లెడ అచ్చుకు తీగతో ఒక గుర్తును కట్టేవారు. గుజ్జు అక్కడ పలచబడి, ఆరిన కాగితాన్ని వెలుతురుకు పట్టినప్పుడు ఆ గుర్తు కనిపించేది. మన నోట్లలో గాంధీజీ రూపం కనిపించేదీ ఈ విద్య వల్లనే. వెనిస్ నుండి ఉస్మానీ రాజ్యానికి వచ్చిన కాగితంలో మూడు నెలవంకల గుర్తు ఉండేది. ఎన్నో అరబీ చేతిరాత గ్రంథాలు ఆ కాగితం మీదనే ఉన్నాయి. తేదీ లేని ప్రతి ఏ కాలానిదో తేల్చడానికి పండితులు నేటికీ ఆ గుర్తులను పరిశీలిస్తారు. కాగితం దొంగ చేతిలో పడకుండా ఆ గుర్తు ఆపలేదు. ఇది ఎవరి కార్ఖానాది అని అడిగినప్పుడు మాత్రం సాక్ష్యం చెప్పింది. ఫోటో మీది వాటర్‌మార్క్ చేయగలిగినదీ ఇంతే. దానిని తాళమనో పరదా అనో భావించడంతో మన పొరపాటు మొదలవుతుంది.

మూలన వేసిన పేరు ఒక్క కత్తిరింపుతో పోతుంది. పేరు బొమ్మ మధ్యగా, దుస్తుల మీదుగా, పలచగా సాగితే దానిని చెరపడం శ్రమ. ఒకే గుర్తును ఒకే తీరున వందల ఫోటోల మీద వేస్తే కంప్యూటరు వాటినన్నింటినీ పోల్చి, గుర్తును తనంతట తానే తుడిచివేయగలదని 2017లో గూగుల్ పరిశోధకులు నిరూపించారు. ప్రతి ఫోటోలో గుర్తును కొద్దిగా వంచి, రూపం మార్చి వేస్తే ఆ పని కష్టమవుతుందని కూడా వారే చెప్పారు. అదే ఏడాది జూన్‌లో ఫేస్‌బుక్ మన దేశపు మహిళల కోసం ప్రొఫైల్ ఫోటోకు రక్షణ కవచం తెచ్చింది. ఫోటో మీద అదనంగా ఒక డిజైను పొర ఉంటే దానిని కాపీ చేసేవారు కనీసం 75 శాతం తగ్గుతారని తన తొలి పరీక్షలను బట్టి ఆ సంస్థ ప్రకటించింది.

కంటికి కనిపించని గుర్తులూ ఉన్నాయి. ఫోటోలోని ప్రతి చుక్కకూ రంగు 0 నుండి 255 వరకు అంకెలలో ఉంటుంది. ఒక అంకె అటూ ఇటూ అయితే కన్ను పసిగట్టలేదు. ఆ తేడాలలోనే పేరును దాచవచ్చు. అయితే వాట్సాప్ ఫోటోను కుదించి పంపుతుంది కనుక నాసిరకం గుర్తు ఆ దారిలోనే చెరిగిపోతుంది. గట్టి పద్ధతులలో గుర్తును పాలలో చక్కెరలా బొమ్మ అంతటా కలిపివేస్తారు. డిజిటల్ సినిమా ప్రదర్శనలలో ఇటువంటి గుర్తు ఉంటుంది. హాలులో ఎవరైనా దొంగచాటుగా కెమెరాతో తీస్తే, అది ఏ హాలులో ఏ వేళ జరిగిందో ఆ కాపీయే బయటపెడుతుంది.

ఈ ఉపాయం మన ఇళ్లకూ పనికివస్తుంది. పెళ్లి వీడియోను పదిమంది బంధువులకు పంపేటప్పుడు ఒక్కొక్క ప్రతి మీద ఒక్కొక్క చిన్న గుర్తు వేయండి. ఎవరి ప్రతి బయటికి పోయిందో అడగవలసిన పనే ఉండదు. ఆధార్ జిరాక్సు మీద అడ్డంగా "సిమ్ కోసం మాత్రమే" అని తేదీ వేసి సంతకం చేసే మన అలవాటు కూడా ఒక వాటర్‌మార్కే. అక్కడ చూపే జాగ్రత్త బిడ్డల ఫోటోల దగ్గర ఎందుకు చూపమో మాకు అర్థం కాదు.

ఇక ఏ గుర్తూ ఆపలేని అన్యాయాలున్నాయి. 2021 జూలైలో "సుల్లీ డీల్స్", 2022 జనవరి 1న "బుల్లీ బాయి" పేర్లతో ముస్లిం స్త్రీల ఫోటోలను వారు తమ ఖాతాలలో పెట్టుకున్న చోటు నుండే తీసి, వేలం సరుకులా చూపారు. హైదరాబాదుకు చెందిన ఒక వయసు మళ్లిన సామాజిక కార్యకర్త ఫోటో కూడా అందులో ఉంది. 2023 నవంబరులో మరొక స్త్రీ వీడియోకు నటి రష్మిక ముఖం అతికించి వదిలారు. ఆ కేసులో మరుసటి జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న యువకుడు మన గుంటూరు ప్రాంతంవాడే. ఇటువంటిది జరిగితే గుర్తుల గురించి ఆలోచించక, ఆ పేజీని ఫోటో తీసి ఉంచుకుని, వెంటనే 1930కు ఫోను చేయాలి. మార్ఫింగ్ చేసిన చిత్రంపై బాధితులు ఫిర్యాదు చేస్తే సామాజిక మాధ్యమాలు దానిని నిర్ణీత గడువులోగా తొలగించాలని 2021 నాటి ఐటీ నిబంధనలు చెబుతున్నాయి.

మా వద్దకు వచ్చిన పెద్దమనిషి ప్రశ్నకు జవాబు మాత్రం 1957 నాటి కాపీరైటు చట్టంలో దొరికింది. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వీడియోకు, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, తొలి హక్కుదారు తీయించుకున్నవారేనని దాని 17వ సెక్షను అంటున్నది. యజమాని పేరు తెలిపే సమాచారాన్ని తెలిసి తెలిసి, అనుమతి లేకుండా తొలగిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయని 2012లో చేర్చిన 65బి సెక్షను చెబుతున్నది. అంటే ఆ వీడియో మీద పేరు వేయదలిస్తే మొదట వేయవలసింది ఆ తండ్రి పేరే.

ఆయనతో కలిసి మేమూ స్టూడియోకు వెళ్లాము. అడ్వాన్సు రసీదును రెండు వైపులా చదివాము. ప్రచారానికి వాడుకుంటామన్న మాట ఎక్కడా లేదు. యజమాని కుర్రవాడు మంచివాడే. "చాచా, ఇన్నేళ్లలో ఎవరూ నన్ను ఇది అడగలేదు" అని మా ఎదుటనే వీడియోను తీసివేశాడు. కత్తిరించిన ముక్క మాత్రం ఇంకా అప్పుడప్పుడు ఎవరి ఫోనులోనో కనిపిస్తున్నదట.

మొన్న ఆ పెద్దమనిషి రెండవ కూతురి పెళ్లికి అదే కుర్రవాడికి బయానా ఇచ్చారు. ఇచ్చేముందు రసీదు తీసుకుని, మా కలం అడిగి, దాని కింద తన చేతితో రాశారు: "ఆడవారి వైపు తీసినది ఏదీ బయట పెట్టరాదు. అసలు ఫైళ్లన్నీ మాకు ఇవ్వాలి." కుర్రవాడు సంతకం చేశాడు.