పెరుగుకు తోడు తేనె, పండు

భోజనం చివర పెరుగు లేనిదే తెలుగువారికి తిన్న తృప్తి కలుగదు. అయితే ఆయుర్వేదం 'దధి' అని వ్యవహరించే ఈ పదార్థానికి ప్రశంసతోబాటు నియమాలు కూడా ఉన్నాయి. పెరుగును రాత్రివేళ తినరాదనీ, వేడిచేసి తినరాదనీ, నెయ్యి, చక్కెర, పెసరకట్టు, తేనె, ఉసిరిక వంటివాటి తోడు లేకుండా తినరాదనీ చరకసంహిత సూత్రస్థానంలోని ఏడవ అధ్యాయం విధిస్తున్నది. కనుక పెరుగులో పండు, తేనె కలిపి తినడం నేడు కొత్తగా పుట్టిన అలవాటు కాదు. కాని ఏ పండు, ఎంత తేనె, ఏ వేళ అనే విచక్షణ అవసరం.

ఈ కలయిక ఎందుకు?

పెరుగు గురుగుణం, ఉష్ణవీర్యం కలది. జీర్ణమైన తరువాత కూడా ఆమ్లంగానే పరిణమిస్తుంది. ఇది వాతాన్ని శమింపజేసి రుచినీ, బలాన్నీ కలిగిస్తుంది. కాని కఫపిత్తాలను పెంచుతుంది. తేనె కషాయరసం, రూక్షగుణం కలది కాబట్టి కఫాన్ని తగ్గిస్తుంది. ఉసిరిక పుల్లనిదైనా శీతవీర్యం కావడంచేత పిత్తాన్ని శాంతింపజేస్తుంది. ఈ విధంగా పెరుగు వలన కలిగే దోషానికి దానితో కలిపిన పదార్థమే విరుగుడవుతుంది.

ఆధునిక పోషకాహార శాస్త్రం కూడా ఈ కలయికను మరొక దృష్టితో సమర్థిస్తుంది. పాలు తోడుకునేటప్పుడు సూక్ష్మజీవులు పాలలోని లాక్టోజ్ అనే చక్కెరలో కొంతభాగాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. అందువల్లనే పాలు త్రాగితే కడుపు ఉబ్బరించేవారిలో చాలామందికి పెరుగు సరిపడుతుంది. 100 గ్రాముల ఆవుపాల పెరుగులో సుమారు 60 కేలరీల శక్తి, 3 గ్రాముల మాంసకృత్తులు, 150 మిల్లీగ్రాముల కాల్షియం లభిస్తాయి. కాని పెరుగులో పీచుపదార్థం లేదు. విటమిన్ 'సి' అత్యల్పం. ఈ లోటును పండు తీరుస్తుంది. 100 గ్రాముల జామపండులో విటమిన్ 'సి' 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. ఇక తేనెలో అయిదింట నాలుగు వంతులు చక్కెరలే. కాబట్టి దానిని ఔషధంవలె కొలిచి వాడాలి గాని, ధారగా పోయరాదు.

ఏ పండు మంచిది?

దానిమ్మ గింజలు, ఉసిరిక తురుము శ్రేష్ఠమైనవి. బాగా పండిన జామపండు ముక్కలు కూడా వాడవచ్చు. అరటిపండును పెరుగుతో గాని, మజ్జిగతో గాని కలపడం విరుద్ధాహారమని అష్టాంగహృదయం పేర్కొన్నది. తరచుగా జలుబు, దగ్గు బాధించేవారు ఈ నియమాన్ని పాటించడం మేలు.

తయారుచేసే విధానం

రాత్రి తోడుపెట్టిన, పులుపెక్కని కమ్మని పెరుగు ఒక కప్పు తీసుకోండి. అందులో దానిమ్మ గింజలు పావు కప్పు, ఉసిరిక తురుము ఒక చిన్న చెంచా కలపండి. తినబోయే ముందు ఒక చిన్న చెంచా తేనె వేయండి. దీనిని మధ్యాహ్న భోజనంతో గాని, అంతకు కొంచెం ముందు గాని సేవించాలి. కలిపిన తరువాత నిలువ ఉంచరాదు. తేనెను వేడి పదార్థాలలో కలపరాదని కూడా ఆయుర్వేదం నిషేధించింది. శరద్, గ్రీష్మ, వసంత ఋతువులలో పెరుగు సాధారణంగా హితం కాదని చరకుడు చెప్పాడు. ఆ కాలాలలో పలుచని మజ్జిగ మంచిది.

ఎవరికి పనికిరాదు?

ఏడాది నిండని పసిపిల్లలకు తేనెను ఏ రూపంలోనూ ఇవ్వరాదు. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం మన ఇళ్ళలో తరతరాలుగా వస్తున్న ఆచారం. ప్రాచీన గ్రంథాలలోని జాతకర్మలో సైతం ఇది ఉన్నది. కాని తేనెలో క్లాస్ట్రిడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చునని నేడు మనకు తెలుసు. ఇవి పెద్దల ప్రేగులలో సాధారణంగా హాని చేయవు. శిశువు ప్రేగులలో మాత్రం పెరిగి విషాన్ని పుట్టించగలవు. ఆ విషంవల్ల మలబద్ధకం, ఏడుపులో నీరసం, పాలు పీల్చలేకపోవడం మొదలై ఊపిరికే ముప్పు రావచ్చు. ఇటువంటి లక్షణాలు కనిపిస్తే ఇంటివైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. ఆచారంపై గౌరవం ఉన్నవారు సైతం బిడ్డకు తల్లిపాలతోనే సరిపెట్టడం క్షేమం.

మధుమేహం ఉన్నవారు తేనెను కూడా చక్కెరగానే లెక్కించి, వైద్యుని సలహా పొందాలి. వీరికి పెరుగు, ఉసిరిక చాలు. పాలు, పెరుగు తింటే దద్దుర్లు, ఆయాసం వచ్చేవారు దీనిని పూర్తిగా మానాలి.

తగిన తోడు, తగిన మోతాదు, తగిన వేళ - ఈ మూడింటినీ పాటించినప్పుడే పెరుగు మనకు పథ్యమవుతుంది.