మెదడు కట్టిన వల్కలము

పసుపు కొమ్మునకు విలువ లోపలి దుంపలో ఉన్నది. పైపొట్టు మెరుగుపట్టుటలో రాలిపోవును. మానవ మస్తిష్కమున వ్యవహారము తలక్రిందులు. చూపు, మాట, తలపు, సంకల్పము - వీటిలో అధికభాగము పైపొర పనియే. దీనిని మస్తిష్క వల్కలమందురు. పాశ్చాత్యులు వాడు లాటిను పదమునకు చెట్టుబెరడని అర్థము. మనవారు వల్కలమనుట నాకు ముచ్చట గొల్పును. వనవాసమున రాముడు కట్టిన నారచీరలు తెలుగు పిల్లలకు క్రొత్త కాదు గదా!

ఈ పొర మందము 2 మొదలు 4 మిల్లీమీటర్లు. విప్పి పరచినచో ఇంచుమించు దినపత్రికలో ఒక పుటంత అగును. అంత పుట పుఱ్ఱెలో ఇముడుటకై అక్రోటు గింజవలె ముడుతలు పడినది. మూడింట రెండు వంతులు ఆ ముడుతల సందులలోనే దాగియున్నది. అందు ఆరు అంతరువులు, సుమారు 1600 కోట్ల నాడీకణములు. వెనుకభాగము చూపునకు, కణతల ప్రక్కభాగము వినికిడికి, నుదుటి వెనుకభాగము ఆలోచనకు, నిగ్రహమునకు ముఖ్యస్థానములు. మాట సంగతి 1861లో తెలియవచ్చినది. ఫ్రాన్సు దేశమున బ్రోకా అను వైద్యుడు, ఇతరుల మాట గ్రహించుచు తాను మాత్రము ఒక్క అక్షరమే పలుకగల రోగిని చూచెను. మరణానంతరము పరీక్షింపగా ఎడమవైపు నుదుటి భాగము చెడియుండెను. 1874లో జర్మను వైద్యుడు వెర్నికే మఱియొక తావును చూపెను; అది చెడినచో మాట ధారగా వచ్చును గాని అర్థము పొసగదు.

మన ప్రాంతమునకు సంబంధించిన విశేషము ఒకటి కలదు. హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి, సహచరులు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితములను ప్రకటించిరి. వారిలో 391 మంది రెండు గాని అంతకు మించి గాని భాషలు మాటాడువారు. ఏకభాషీయుల కంటె వీరికి ఆ వ్యాధి సగటున నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా వచ్చినది. చదువురానివారిలోను ఈ భేదము కనబడుట గమనింపదగినది. రెండింటికి మించిన భాషల వలన అదనపు లాభము మాత్రము కనబడలేదు. ఒక భాష మాటాడునపుడు రెండవది నిద్రింపదనియు, దానిని అదుపున నుంచుట నుదుటి భాగమునకు నిత్యవ్యాయామమనియు పరిశోధకుల ఊహ. అన్యదేశములందలి పరిశోధనలన్నియు దీనితో ఏకీభవింపలేదని కూడ ఉపాధ్యాయులు తరగతిలో చెప్పవలెను.

ఇంట ఒక భాష, బడిలో ఒక భాష అయినచో పిల్లవాని బుద్ధి కలత చెందునని పలువురి నమ్మకము. ఉద్యోగపు తొలినాళ్లలో నేనును ఒక తండ్రితో, "ఇంట మరాఠీ మానుడు, తెలుగు పట్టుబడును" అంటిని. ఆయన మానెను. ఆ మాట నేడు అనను.

మా మేనమామ చేవ్రాలు ఎరుగడు. ఏర్గట్ల పసుపును సాంగ్లీ బజారుకు కొనిపోయి మరాఠీలో బేరమాడి, దారిలో ఉర్దూ మాటాడి, ఇల్లు చేరి అత్తయ్యకు తెలుగున లెక్క చెప్పెడివాడు. ఒక్కని ఉదాహరణము శాస్త్రము కాజాలదు. ఎనుబది దాటిన పిదప ఆయన నా పేరు మరచెను. పసుపు ధర అడిగినచో మాత్రము మరాఠీలో చెప్పెడివాడు.