ఒక బడి – రెండు భాషలు

అమెరికా సంయుక్త రాష్ట్రముల ఆగ్నేయ మూలను ఫ్లోరిడా యను ద్వీపకల్పము గలదు. దాని దక్షిణ భాగమున సముద్రతీరమందు మయామి నగరమున్నది. అచ్చటినుండి విమానములో ఇంచుమించు ఒక గంట ప్రయాణము చేసినచో క్యూబా ద్వీపము చేరవచ్చును. క్యూబా ప్రజల భాష స్పానిషు. నాటి మయామి ప్రజలలో ఎక్కువమంది భాష ఇంగ్లీషు.

1959 జనవరిలో క్యూబా విప్లవము జయించి ఫిడెల్ కాస్ట్రో అధికారమునకు వచ్చెను. ఆ మార్పునకు వెఱచియో, దాని నంగీకరింపలేకయో వేలకొలది కుటుంబములు సముద్రము దాటి మయామి చేరెను. కొలది కాలములోనే ఇంటికి తిరిగి పోవుదుమని వారిలో పెక్కురు నమ్మియుండిరి. ఆ తల్లిదండ్రులకు రెండు బెంగలు. పిల్లలు ఇంగ్లీషు రాక బడిలో వెనుకబడుదురేమో యనునది ఒకటి. ఇంగ్లీషు వచ్చిన పిదప స్పానిషు మఱచి, స్వదేశమునకు వెళ్ళిననాడు తాత, అవ్వలతో మాటాడలేకపోవుదురేమో యనునది రెండవది. మొదటి బెంగకు మందు ఏ బడిలోనైనను దొరకును. రెండవదానికి మందు దొరకుట నాడు కడు అరుదు.

అమెరికా ప్రాథమిక పాఠశాలలకు స్పానిషు అప్పటికే తెలియని భాష కాదు. 1957లో సోవియట్ రష్యా స్పుత్నిక్ ఉపగ్రహమును ప్రయోగించిన పిమ్మట, అన్యభాషలు రాకపోవుట దేశరక్షణకే లోపమని అమెరికా ప్రభుత్వము తలచి, 1958లో ఒక చట్టము చేసి భాషాబోధనకు ధనమిచ్చెను. పెక్కు బడులలో చిన్నపిల్లలకు దినమునకు పదిహేను, ఇరువది నిమిషములు స్పానిషు చెప్పసాగిరి. రంగుల పేర్లు, అంకెలు, ఒకటి రెండు పాటలు. అంతలో గంట మ్రోగెడిది. తగిన ఉపాధ్యాయులు చాలక పెక్కు చోట్ల ఆ తరగతులు కొలది యేండ్లలోనే మూతపడెను. కాలము చాలకపోవుట ఒక లోపమే. కాని గంట మ్రోగిన తరువాత ఆ మాటలతో పిల్లవానికి ఏ పనియు లేకపోవుట అంతకంటె పెద్ద లోపము.

1963 సెప్టెంబరులో మయామిలోని కోరల్ వే ప్రాథమిక పాఠశాలయందు వేఱొక పద్ధతి ఆరంభమయ్యెను. ఫోర్డు ఫౌండేషను ధనసహాయము చేసెను. విద్యార్థులలో ఇంచుమించు సగము మంది ఇండ్లలో ఇంగ్లీషు, తక్కినవారి ఇండ్లలో స్పానిషు. మొదటి మూడు తరగతులతో ప్రారంభించి క్రమముగా ఆఱవ తరగతి వఱకు పెంచిరి. ఉదయము ఎవరి మాతృభాషలో వారికి పాఠములు. మధ్యాహ్నము రెండవ భాషలో. ఉదయము తన భాషలో గ్రహించిన విషయమునే బాలుడు మధ్యాహ్నము మరల వినును. విత్తనము మొలకెత్తు విధము ముందే తెలిసియున్నది గనుక, అతడు క్రొత్తగా పట్టుకొనవలసినవి మాటలు మాత్రమే. చిత్రలేఖనము, సంగీతము, ఆటలు, భోజనము అందఱకును కలిసియే. క్యూబాలో ఉపాధ్యాయినులుగా నుండి వలస వచ్చినవారికి శిక్షణ నిచ్చి తరగతులలో సహాయకులుగా నియమించిరి.

ఇంగ్లీషు పిల్లలకు స్పానిషులో కష్టమేమి? మొదటిది నాలుక. స్పానిషు అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఇంగ్లీషు నాలుక ఒకారమును చక్కగా విడువక చివర 'ఉ' చేర్చి సాగదీయును. త, దలను దంతములకు ఆనించి పలుకవలెను. ఇంగ్లీషు బాలుడు వానిని ట, డలకు దగ్గఱగా పలుకును. మనకివి కష్టములు కావు. రేఫలు మాత్రము రెండు. 'పెరో' అనగా 'కాని'; 'పెఱ్ఱో' అనగా కుక్క. తేలిక రేఫకు బదులు గట్టి రేఫ పలికినచో వాక్యములోనికి కుక్క వచ్చి కూర్చుండును! మన వర్ణమాలయందును ర, ఱలు రెండు గలవు. ఈ పాఠములో రెండును కనబడుచున్నవి, కాని మన నోట వాని భేదము చాలవఱకు చెదరిపోయినది.

వాక్యనిర్మాణములో మనకు పరిచితమైన పోకడలు కొన్ని యున్నవి. 'ఆబ్లో' అనగా మాటాడుదును. 'ఆబ్లాస్' అనగా మాటాడుదువు. క్రియ చివర చూచినచో కర్త తెలియును. 'నేను', 'నీవు' అని వేఱుగా చెప్పనక్కఱలేదు. 'నాకు పాలు ఇష్టము' అని మనమన్నట్లే స్పానిషువారును పాలు తమకు ఇష్టమగునని చెప్పుదురు. ఇంగ్లీషువారు పాలను తాము ఇష్టపడుదుమందురు. నీవు, మీరు అను భేదమును స్పానిషులో గలదు. ఎవరిని ఎట్లు పిలువవలెనో వ్యాకరణ పుస్తకముకంటె ప్రక్కన కూర్చున్న క్యూబా బాలిక బాగుగా చూపగలదు. ఇక లింగము సంగతి: బల్ల స్త్రీలింగము, పుస్తకము పుంలింగము. హిందీ చదువు మీకు ఈ చిక్కు తెలిసినదే.

ఇంగ్లీషు తల్లిదండ్రులకును భయము లేకపోలేదు. సగము దినము పరభాషకు పోయినచో చదువు, లెక్కలు చెడునని కొందఱు శంకించిరి. 1968లో వెలువడిన పరిశోధన ప్రకారము, ఆ పిల్లలు ఇంగ్లీషు చదువునందును లెక్కలయందును సాధారణ తరగతుల పిల్లలకు తీసిపోలేదు. అయితే రెండు భాషలును సమముగా పెరుగలేదు. క్యూబా పిల్లల ఇంగ్లీషు వేగముగా సాగెను. ఇంగ్లీషు పిల్లల స్పానిషు మెల్లగా నడచెను. ఇందులో ఆశ్చర్యము లేదు. వీధి, సినిమా, టెలివిజను అన్నియు ఇంగ్లీషు పక్షమే. త్రాసులో స్పానిషు తట్టకు బడి యొకటే బరువు.

1980లో ఆ కౌంటీ ప్రజలు, ఇంగ్లీషు తప్ప అన్యభాషల వాడుకకు కౌంటీ ధనము వెచ్చింపరాదని ఓటు చేసిరి. 1993లో ఆ శాసనము రద్దయ్యెను. ఇంటికి తిరిగి పోవుదుమనుకొన్న కుటుంబములలో పెక్కు పోనే లేదు; మయామియే వారి ఊరయ్యెను. కోరల్ వే బడి నేడు ఎనిమిదవ తరగతి వఱకు పెరిగినది. అచ్చట ఇప్పటికిని రెండు భాషలలో పాఠములు చెప్పుచున్నారు.