సరిహద్దు దాటి వచ్చే బిడ్డ

మన కుటుంబాల్లో దత్తత కొత్త విషయం కాదు. పిల్లలు లేని అన్న తమ్ముడి కొడుకును పెంచుకోవడం, తల్లిదండ్రులు పోయిన మేనకోడలిని మేనమామ ఇంటికి తెచ్చుకోవడం తరతరాలుగా ఉన్నదే. పెద్దమనుషుల సమక్షంలో దత్తత పత్రం రాసుకుని, రిజిస్టరు చేయించుకుంటే పని పూర్తయినట్లే భావించేవారు. అయితే ఆ బిడ్డ మరో దేశంలో ఉంటే ఏమవుతుంది? ఈ పాఠంలో ఆ సంగతిని చట్టపరంగానూ శాస్త్రపరంగానూ పరిశీలిద్దాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పనికి, మిల్లు పనికి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు సూరత్ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. ఆ జిల్లాలోనే బట్టల మిల్లులున్న పల్సానాలో స్థిరపడిన ఒక దంపతులను ఊహించుకోండి. అమెరికాలో ఉంటున్న తమ్ముడు, మరదలు ప్రమాదంలో చనిపోయారు. వారి నాలుగేళ్ల పాప అక్కడే పుట్టింది. ఆమెది అమెరికా పాస్‌పోర్టు. పెదనాన్న పెంచుకుంటానంటున్నాడు. రక్తసంబంధం ఉంది, ప్రేమ ఉంది. మరి అడ్డేమిటి?

చట్టం ఏమంటుంది?

ఇక్కడ రెండు దేశాల చట్టాలు ఒకేసారి వర్తిస్తాయి. దేశాంతర దత్తతపై 1993లో కుదిరిన హేగ్ ఒప్పందంలో భారతదేశం 2003లో చేరింది. అమెరికాలో అది 2008 నుంచి అమలులో ఉంది. దీని ప్రకారం బిడ్డను పంపే దేశమూ, స్వీకరించే దేశమూ రెండూ అంగీకరించాలి. మన దేశంలో ఆ బాధ్యత కేంద్ర దత్తత వనరుల ప్రాధికార సంస్థది. దీన్నే క్లుప్తంగా ‘కారా’ అంటారు.

పల్సానా దంపతుల ఇంటి పరిస్థితులు, ఆరోగ్యం, ఆదాయం పరిశీలించి ఒక నివేదిక తయారు చేస్తారు. దాన్నీ, బిడ్డ వివరాల నివేదికనూ చూసి కారా ఆమోదం తెలుపుతుంది. దత్తత మాత్రం బిడ్డ ఉన్న దేశపు చట్టం ప్రకారమే అక్కడ పూర్తి కావాలి. ఆ తరువాత విదేశీ పాస్‌పోర్టు ఉన్న బిడ్డ భారతదేశంలో అడుగు పెట్టాలంటే వీసా కావాలి. దత్తత జరిగినంత మాత్రాన మన పౌరసత్వం దానంతట అదే రాదు. దానికి విడిగా దరఖాస్తు చేసుకోవాలి. ఇంట్లో రాసుకున్న దత్తత పత్రం ఒక్కటీ ఈ మెట్లలో దేనికీ సరిపోదు.

ఇన్ని తనిఖీలు ఎందుకు?

సొంత అన్న కూతురినో తమ్ముడి కూతురినో తెచ్చుకోవడానికి ఇంత తతంగమా అని మీకు అనిపించవచ్చు. దీనికి జవాబు మన రాష్ట్ర చరిత్రలోనే ఉంది. 1999లోనూ, తిరిగి 2001లోనూ ఆంధ్రప్రదేశ్‌లో దత్తత అక్రమాలు బయటపడ్డాయి. లంబాడా తండాల్లోని పేద తల్లుల నుంచి ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు తీసుకుని, తప్పుడు పత్రాలతో దత్తతకు పంపిన ఉదంతాలవి. 2001లో రాష్ట్ర ప్రభుత్వం పేదరికం కారణంగా, ఆడపిల్ల అన్న కారణంగా బిడ్డను అప్పగించడాన్ని నిషేధించింది. అంతకుముందే, 1984లో, లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు విదేశీ దత్తతలకు కట్టుదిట్టమైన నియమాలు విధించింది.

తప్పుడు పత్రంతో వెళ్లిన బిడ్డ పెద్దయ్యాక తన తల్లి ఎవరో వెతుక్కోవాలంటే దారి దొరకదు. అంటే కాగితం తనిఖీ ఆ బిడ్డ చరిత్రను కాపాడడానికే.

శరీరం చెప్పే సంగతులు

ఈ చరిత్ర వైద్యుడికీ అవసరమే. పుట్టిన తేదీ తెలియని బిడ్డ వయస్సును మణికట్టు ఎక్స్‌రే ద్వారా, దంతాల ద్వారా అంచనా వేస్తారు. అందులో ఒకటి రెండేళ్ల తేడా రావచ్చు. టీకాల కార్డు లేకపోతే రక్తపరీక్షలు చేయించాలి, లేదా టీకాలు మళ్లీ వేయించాలి. కన్నవారికి మధుమేహం ఉందా, తలసీమియా ఉందా అన్న ప్రశ్నకు జవాబు ఉండదు.

స్వీడన్‌లో దత్తతకు వెళ్లిన భారతీయ బాలికలపై అక్కడి వైద్యులు 1991లో ఒక పరిశోధన ప్రచురించారు. పోషణ మెరుగుపడగానే ఆ పిల్లలు వేగంగా ఎదిగారు. కానీ వారిలో సగం మంది 11.6 సంవత్సరాలు నిండేసరికే రజస్వలలయ్యారు. ఎదుగుదల ముందే ఆగిపోవడంతో కొందరు పొట్టిగా మిగిలారు. బిడ్డ తొలినాళ్ల పోషణ వివరాలు తెలిస్తేనే ఇలాంటి మార్పులను వైద్యులు సకాలంలో గమనించగలుగుతారు.

మనస్సు, భాష

1989 తరువాత రుమేనియా అనాథాశ్రమాల నుంచి ఇంగ్లండుకు దత్తత వెళ్లిన పిల్లలను మైకేల్ రట్టర్ బృందం ఏళ్ల తరబడి పరిశీలించింది. ఆరు నెలల లోపే ఆశ్రమం నుంచి బయటపడ్డవారు చాలావరకు తేరుకున్నారు. అంతకంటే ఎక్కువ కాలం ఉన్నవారిలో, అందరికీ కాకపోయినా, కొన్ని ఇబ్బందులు పెద్దయ్యే వరకూ కొనసాగాయి. కాబట్టి తనిఖీ ఎంత అవసరమో, అనవసరమైన జాప్యం అంత హానికరం.

భాష విషయం మరీ విచిత్రమైనది. మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఫ్రాన్సుకు దత్తత వెళ్లిన కొరియా పిల్లలు పెద్దయ్యాక తమ మాతృభాషను గుర్తుపట్టలేకపోయారని 2003లో ఒక అధ్యయనం చూపింది. అయితే కెనడాకు పసితనంలో వెళ్లిన చైనా పిల్లలపై 2014లో వచ్చిన అధ్యయనంలో, భాష గుర్తులేకపోయినా వారి మెదడు చైనా భాషలోని స్వరాలకు ఆ భాష మాట్లాడేవారి మెదడులాగే స్పందించింది.

మన ఉదాహరణలోని పాపకు వచ్చింది ఇంగ్లీషు. ఇంట్లో వినబడేది తెలుగు, వీధిలో గుజరాతీ. మొదటి రోజు నుంచే ఇంగ్లీషు మానిపించవద్దు. పెదనాన్నను ‘నాన్నా’ అని పిలవమని తొందరపెట్టవద్దు. అమ్మానాన్నల ఫొటోలు దాచివేయవద్దు.

మీరు చేయవలసినవి

ఇలాంటి దత్తత తలపెట్టినవారు ముందుగా కారాను సంప్రదించాలి. విమానం టిక్కెట్టు ఆ తరువాతి మాట. బిడ్డ జనన ధ్రువపత్రం, టీకాల కార్డు, కన్నవారి వైద్య వివరాలు, మరణ ధ్రువపత్రాలు అసలువి సేకరించండి. విదేశీ పత్రాలు మన దేశంలో చెల్లడానికి అవసరమైన ‘అపొస్టిల్’ ముద్ర వేయించండి. వీటన్నింటినీ ఒకే ఫైలులో భద్రపరచండి.

ఆ ఫైలు ఈ రోజు అధికారుల కోసం. ‘నేను ఎక్కడ పుట్టాను, మా అమ్మ ఎలా ఉండేది’ అని ఆ పాప అడిగిన రోజున దాన్ని ఆమె చేతికే ఇవ్వవలసి ఉంటుంది.