మీకు తెలుసా? రంగం సొమ్ము నుంచి సింగపూర్ సొమ్ము దాకా

ఆమదాలవలస రైల్వే స్టేషనుకు ఊరి పేరు లేదు, శ్రీకాకుళం రోడ్ అంటారు. ఉద్దానం నుంచో పాలకొండ నుంచో బయల్దేరి గల్ఫ్‌కూ సింగపూర్‌కూ వెళ్ళే వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు ఎందరికో విమానం కన్నా ముందు ఎక్కాల్సింది రైలే. వాళ్ళు ఇంటికి పంపే డబ్బును దేశం ఎలా లెక్క కడుతుందో, ఆ డబ్బు చరిత్ర ఎంత పాతదో చూద్దాం.

రంగూన్ నుంచి వచ్చిన మనియార్డరు ఒకప్పుడు మన దేశంలోని డబ్బే. మన దేశంలో తపాలా మనియార్డర్లు 1880 జనవరి 1న మొదలయ్యాయి. అప్పటికి దిగువ బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం. ఉత్తరాంధ్ర జనం రంగం అని పిలిచే రంగూన్‌కు కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల నుంచి స్టీమర్లు నడిచేవి. వరికోతలకూ బియ్యం మిల్లు పనులకూ కూలీలు చలికాలం మొదట్లో వెళ్ళేవారు, చాలామంది ఎండాకాలానికి తిరిగొచ్చేవారు. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. అదే మనిషి, అదే పని, ఇంట్లో ఎదురుచూసేదీ అదే అమ్మ. ఆ రోజు నుంచి మాత్రం అతను పంపే డబ్బు పరదేశపు సొమ్మయింది.

1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. ఆ ఏటి జనగణన ప్రకారం నగరంలో సుమారు 4 లక్షల మంది ఉంటే, అందులో 2 లక్షల 12 వేలకు పైగా భారతీయులు. బర్మా మొత్తం మీద తెలుగువాళ్ళు లక్షన్నర దాటారు. వాళ్ళలో అత్యధికులు మగవాళ్ళే. ఆడవాళ్ళు ఇక్కడే ఉండి పొలమూ ఇల్లూ చూసుకున్నారు, అప్పులవాళ్ళకు జవాబు చెప్పారు. వలస చరిత్ర రాసేవాళ్ళు ఓడెక్కినవాళ్ళను రాసినంతగా రేవులో ఆగిపోయినవాళ్ళను రాయలేదు. నాకు అది పెద్ద లోటుగానే తోస్తుంది.

ఆ సంపాదన సుళువుగా రాలేదు. కూలీలను కుదిర్చే మేస్త్రీ ప్రయాణానికి అడ్వాన్సు ఇచ్చేవాడు, తర్వాత అది కూలిలో కోసుకునేవాడు. 1930 మే నెలలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కడితే, యజమానులు వాళ్ళ స్థానంలో బర్మా వాళ్ళను పెట్టుకున్నారు. సమ్మె ముగిసి తెలుగువాళ్ళను మళ్ళీ పనిలోకి తీసుకోగానే అల్లర్లు చెలరేగి వందమందికి పైగా చనిపోయారు.

ఇండియా, బర్మా రెండు దేశాలైనా కొన్నేళ్ళు ఒకే రూపాయి నడిచింది. విడిపోయాక కూడా బర్మాకు కేంద్ర బ్యాంకుగా పనిచేసింది మన రిజర్వు బ్యాంకే. బర్మాలోనే చెల్లుతుందని మీద ముద్ర వేసిన నోట్లను అక్కడికి పంపింది. గల్ఫ్ కథ కూడా ఇలాంటిదే. కువైట్, బహ్రెయిన్, ఖతార్, దుబాయి ప్రాంతాల్లో చాలాకాలం భారత రూపాయే చెలామణీ అయింది. బంగారం దొంగరవాణా వల్ల మన విదేశీ మారక ద్రవ్యం కరిగిపోతోందని 1959లో ఆ ప్రాంతానికి వేరే రంగు నోట్లు అచ్చువేశారు. కువైట్ 1961లో సొంత దినార్ తెచ్చుకుంది. 1966 జూన్‌లో మన రూపాయి విలువ తగ్గించాక మిగిలినవాళ్ళలో చాలామంది దాన్ని వదిలేశారు.

పంపే దారి ఒక్క రోజులో మూసుకుపోవచ్చు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు అడవుల మీదుగా, కొండల మీదుగా నడిచొచ్చారు. వేలమంది దారిలోనే పోయారు. మళ్ళీ 1964 మే 17న బర్మాలోని నే విన్ సైనిక ప్రభుత్వం 50, 100 క్యాట్ నోట్లను రద్దు చేసింది. దుకాణాలను అప్పటికే జాతీయం చేస్తున్నారు. తరాల సంపాదన అక్కడే వదిలేసి లక్షలమంది తిరిగొచ్చారు. వాళ్ళలో కొందరు నిలదొక్కుకున్న చోటే విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు.

ఇక దేశం కట్టే లెక్క సంగతి: కాంట్రాక్టు ఏడాదిలోపా, ఏడాదీ ఆ పైనా అన్నదాన్ని బట్టి అది మారిపోతుంది. ఏడాదిలోపు పనికి వెళ్ళిన వెల్డరు మన దేశవాసిగానే లెక్క, అతని జీతమంతా ప్రాథమిక ఆదాయం ఖాతాలో పడుతుంది. ఏడాది, అంతకు మించి ఉంటే అతను ఆ దేశవాసి. అప్పుడు ఇంటికి పంపినదే లెక్కకొస్తుంది, అదీ ద్వితీయ ఆదాయం ఖాతాలో. ప్రవాసులు ఎన్నారై ఖాతాలో డిపాజిట్ చేసిన డబ్బు వచ్చిన రోజున దేశానికి అప్పు కిందే జమ. ఇక్కడ దాన్ని రూపాయల్లో తీసి ఖర్చుపెట్టినప్పుడే ఇంటికి పంపిన సొమ్ము అవుతుంది.

ఇప్పుడు ఎంత వస్తోంది? 1990–91లో ప్రవాసులు పంపినది దాదాపు 200 కోట్ల డాలర్లు. ఆ ఏడే ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. దాదాపు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో తీసుకురావాల్సి వచ్చింది. విదేశీ మారకం అడుగంటి మరుసటి ఏడు దేశం 47 టన్నుల బంగారం తాకట్టు పెట్టింది. 2024–25లో ప్రవాసుల సొమ్ము 13,500 కోట్ల డాలర్లు దాటింది. ప్రపంచంలో ఏ దేశానికీ ఇంత రాదు.

రిజర్వు బ్యాంకు 2023–24 సర్వే ప్రకారం ఆ ఏడు వచ్చిన ప్రవాసుల సొమ్ములో 27.7 శాతం అమెరికా నుంచి, 19.2 శాతం యుఏఈ నుంచి వచ్చింది. తెలంగాణకు 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 4.4 శాతం చేరింది. విశాఖకో హైదరాబాదుకో చెన్నైకో వెళ్ళి పంపే డబ్బు ఈ లెక్కలోకి రాదు. మన జిల్లాల్లో ఎన్నో పొయ్యిలు వెలిగేది ఆ డబ్బుతోనే.

సింగపూర్ నుంచి ఫోనులోనే పంపొచ్చు. 2023 ఫిబ్రవరి 21న మన యూపీఐని సింగపూర్ చెల్లింపు వ్యవస్థ పేనౌతో కలిపారు. ఇక్కడి నుంచి అక్కడికి పంపేవాళ్ళకు మొదట పెట్టిన పరిమితి రోజుకు 60,000 రూపాయలు. ప్రపంచ సగటు చూస్తే ఇప్పటికీ 200 డాలర్లు పంపడానికి 6 శాతానికి పైగా ఖర్చవుతోంది. 2030 నాటికి దాన్ని 3 శాతం లోపుకు తేవాలన్నది ఐక్యరాజ్యసమితి లక్ష్యం. తక్కువ పంపేవాడికే ఎక్కువ కోత పడటం నాకు మింగుడుపడదు.

ఏజెంటు ఎంత తీసుకోవచ్చో చట్టం చెప్పింది. విదేశీ ఉద్యోగానికి లైసెన్సు ఉన్న ఏజెంటు 30,000 రూపాయలకూ దాని మీద జీఎస్టీకీ మించి వసూలు చేయకూడదు. అంతకు మించి అడిగితే ఫిర్యాదు చేయొచ్చు. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. పదో తరగతి పాసుకాక, వలస తనిఖీ అవసరమైన ఈసీఆర్ పాస్‌పోర్టుతో గల్ఫ్ వంటి చోట్లకు వెళ్ళేవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375, పన్ను అదనం. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు వస్తాయి. ఆ పాలసీ నంబరు వెళ్ళే మనిషి దగ్గరే కాదు, ఇంట్లోవాళ్ళ దగ్గర కూడా రాసి ఉండాలి.