బోర్న్ లేని బోర్న్ చిత్రము

2002లో ఆరంభమైన బోర్న్ చలనచిత్ర పరంపరకు ప్రాణమనదగినది, తన పేరును సైతము మఱచి, తాను చేసిన హత్యల జ్ఞాపకములను ఒక్కొక్కటిగా వెదకికొనుచు తిరుగాడు గూఢచారియొక్క ఆత్మాన్వేషణమే గాని, కేవలము పోరాటముల వేగము గాదు. ఆ యన్వేషణము 2007 నాటి ‘ద బోర్న్ అల్టిమేటం’తో ముగిసి, ఆ చిత్రము మూడు ఆస్కారులను గడించినది.

అటుపిమ్మట దర్శకుడు పాల్ గ్రీన్‌గ్రాస్, నాయకుడు మ్యాట్ డేమన్ ఇరువురును లేకుండగనే, పూర్వచిత్రముల రచనలో పాలుగొన్న టోనీ గిల్‌రాయ్ 2012లో ‘ద బోర్న్ లెగసీ’ని స్వయముగా దర్శకత్వము వహించి రూపొందించెను. ఇందు జెరెమీ రెన్నర్ ధరించిన ఆరన్ క్రాస్ దేహబలమునకొక మాత్ర, బుద్ధిబలమునకొక మాత్ర మ్రింగుచు బ్రతుకు సైనికుడు. మందు నిలిచినచో మునుపటి మందబుద్ధినై పోవుదునేమో యను వాని భయము ఎంతటి కరుణార్ద్రమైన కథాబీజము! ప్రయోగశాలలో సహోద్యోగియే తుపాకి పట్టి శాస్త్రజ్ఞులను వధించు ఘట్టమును నేటికిని మఱువజాలము. అయినను ఆ బీజమును మొలకెత్తనీయక, అధికారుల సుదీర్ఘ సంభాషణలతో కప్పివేసి, మనీలా వీథులలో మోటారుసైకిళ్ల తఱుముటతో కథను హఠాత్తుగా నిలిపివేయుట క్షమింపరాని లోపము. దోషము రెన్నరుది గాదు; అతడు శ్రద్ధతోనే నటించెను. 2016లో డేమన్, గ్రీన్‌గ్రాస్ మరలివచ్చిన ‘జేసన్ బోర్న్’లో క్రాసునకు చోటే దక్కలేదు.