పొలము విక్రయించిన సొమ్మును నిలుపుకొను విధము

విజయవాడ బాటయు, నాగార్జునసాగరము బాటయు ఎల్.బి. నగర్ కూడలి వద్ద చీలును. ఆ రెండు బాటల కిరువైపుల నుండిన చేలు మా కన్నుల యెదుటనే యిండ్లస్థలము లైనవి. 2018 సెప్టెంబరు 24వ తేదీన మెట్రో రైలు ఎల్.బి. నగర్ వరకు వచ్చినది. 2021లో గడ్డిఅన్నారపు పండ్ల మార్కెట్టు బాటసింగారమునకు తరలినది. స్థలముల వెల పెరిగినకొలది పొలము విక్రయించిన రైతులును పెరిగిరి. పూర్వము తెగుళ్లను గూర్చియు, ఎరువులను గూర్చియు మమ్ము ప్రశ్నించినవారే యిప్పుడు చేతిలోని సొమ్మును గూర్చి ప్రశ్నించుచున్నారు.

ఇటీవల నట్టి రైతొకరు మాయొద్దకు వచ్చిరి. వయస్సు అరువది మూడేండ్లు. అప్పులు తీర్చి, కుమార్తె పెండ్లి చేసి, ఇల్లు బాగుచేయించుకొనగా నరువది లక్షల రూపాయలు మిగిలినవట. దంపతుల జీవనమునకు నెల కిరువదియైదు వేలు చాలును. దిల్‌సుఖ్‌నగర్‌లోని పరిచయస్థు డొకడు నూటికి రెండు రూపాయల వడ్డీ యిచ్చెదనని చెప్పుచున్నాడు. కుమారుడు మొత్తము షేర్లలో పెట్టు మనుచున్నాడు. "అయ్యా, పొలము మరల రాదు. ఈ సొమ్మైనను నిలుచు మార్గము చెప్పుడు" అని యారైతు మమ్మడిగిరి. ఆయనకు చెప్పిన మాటలనే మన సంఘ సభ్యులందరి యుపయోగార్థము ఇచట వ్రాయుచున్నాము.

నూటికి రెండు రూపాయలన నెలకు లక్షా యిరువది వేలు. ఆయనకు వలసినది యిరువదియైదు వేలు మాత్రమే. వలసినదానికి దాదాపు ఐదు రెట్ల ఆదాయమునకై అసలునే పణముగా నొడ్డుట యెందులకు? ఇట్లు బోధించు మేమును మోసపోనివారము కాము. పండ్రెండేండ్ల క్రిందట రిజిస్టరు కాని చీటి యొకదానిలో నెల కైదువేల చొప్పున ఇరువదిరెండు నెలలు కట్టితిమి. చీటి నడపినవాడు ఒక రాత్రి యిల్లు ఖాళీచేసి పోయెను. లక్షా పదివేలకు మా చేత మిగిలిన యాధారము నోటుపుస్తకపు కాగిత మొకటి. 1982 నాటి చీటీల చట్టము ప్రకారము రిజిస్టరైన చీటి యగునా యని ఒక్క ప్రశ్న ముందుగా వేసియుండిన ఆ నష్టము తప్పెడిది.

బ్యాంకు అను పేరు చూచియు కన్నులు మూసికొనరాదు. 2001లో మన హైదరాబాదులోని కృషి సహకార నగర బ్యాంకు కూలిపోయెను. నాటి డిపాజిట్టు బీమా లక్ష రూపాయలు మాత్రమే. 2020 ఫిబ్రవరి 4 నుండి అది యైదు లక్షలైనది. ఒక మనిషికి ఒక బ్యాంకులోని అన్ని శాఖలలో నున్న అసలు, వడ్డీ కలిపి యైదు లక్షలని గ్రహింపవలెను. సహకార పత్రికలో వ్రాయుచున్నాము గాన ఇంకొక సత్యమును దాచరాదు. జిల్లా, రాష్ట్ర సహకార బ్యాంకులకును, నగర సహకార బ్యాంకులకును ఈ బీమా కలదు గాని, మనవంటి ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములలోని డిపాజిట్టులకు లేదు. కనుక సంఘముపై నెంత యభిమానమున్నను సర్వస్వము నిచటనే యుంచవలదు.

ఇక షేర్ల మాట. గడ్డిఅన్నారమునకు మామిడి తోలినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. పండిన మామిడి యాగదు. ఆనాటి ధర యెంతయైన నంతకే యమ్మవలెను. ధాన్యమట్లు కాదు; గిడ్డంగిలో చోటును, ఇంటిలో తిండియు నున్నవాడు ధర వచ్చువరకు నాగగలడు. షేరు ఆగగలవాని చేతిలో ధాన్యము, ఆగలేనివాని చేతిలో మామిడి. 2008 జనవరిలో సెన్సెక్సు 21,000 దాటెను. ఆ యేటనే అక్టోబరు 27న 8,000 దిగువకు జారెను. జనవరిలో లక్ష రూపాయలకు ఎన్ని షేర్లమ్మవలసి వచ్చెనో, అక్టోబరులో ఆ లక్షకే దానికి రెండున్నర రెట్లకు మించి యమ్మవలసి వచ్చెను. 2010 నవంబరులో సూచీ మరల 21,000 చేరెను. ఆగినవానికి పోయినది తిరిగి వచ్చినది. ఇంటిఖర్చునకై నడుమ నమ్మినవానికి రాలేదు. ధర పడుటకంటె, పడినవేళ నమ్మవలసి వచ్చుటయే పెద్ద నష్టము.

ఆగినను తిరిగిరాని షేర్లును కలవు. మన నగరపు సత్యం కంపెనీ లెక్కలు తప్పుడువని దాని అధిపతియే 2009 జనవరి 7న ఒప్పుకొనెను. ఒక్కదినములో షేరు 179 రూపాయలనుండి 40 రూపాయలకు పడెను. ఒకే కంపెనీని నమ్ముట ఒకే బావిని నమ్మి చెరకు నాటుటవంటిది. డివిడెండుపై బ్రతుకుదు మనుటయు నిశ్చయము కాదు. 2020లో కరోనా సమయమున డివిడెండు చెల్లింపవలదని రిజర్వు బ్యాంకు బ్యాంకులనే యాదేశించెను.

అట్లని సొమ్మంతయు డిపాజిట్టులలో నుంచి నిద్రింపవచ్చునా? అదియు సరికాదు. ధరలు ఏటేట నూటికి ఆరు చొప్పున పెరిగిన, నేటి యిరువదియైదు వేల ఖర్చు పండ్రెండేండ్లకు ఏబది వేలగును. రూపాయల సంఖ్య తరుగక పోయినను వానితో వచ్చు బియ్యము తరుగును. విత్తనపు గాదెలో ఎలుక దూరినట్లే.

కనుక ఆ రైతునకు మేము చెప్పిన యేర్పాటిది. అరువదేండ్లు దాటినవారి సీనియర్ సిటిజన్ల పొదుపు పథకములో 2023 ఏప్రిల్ నుండి ముప్పది లక్షల వరకు ఉంచవచ్చును. ఆ నెలలో నిర్ణయించిన 8.2 శాతము చొప్పున ముప్పది లక్షలకు మూడునెలల కొకసారి 61,500 రూపాయలు వచ్చును. తపాలా కార్యాలయపు నెలసరి ఆదాయ పథకములో ఒకరి పేర తొమ్మిది లక్షల వరకు ఉంచవచ్చును. 2023 జూలై నాటి 7.4 శాతము లెక్కన నెలకు 5,550 రూపాయలు. ఈ రెండింటివలన ఏడాదికి 3,12,600 రూపాయలు చేతికి వచ్చును. ఖర్చు మూడు లక్షలు. ఈ వడ్డీ రేట్లను ప్రభుత్వము మూడునెలల కొకసారి పరిశీలించును గాన చేరునాటి రేటు నడిగి తెలిసికొనవలెను. చేరిన పిదప గడువు తీరువరకు ఆ రేటు మారదు. వడ్డీపై ఆదాయపు పన్ను వర్తించునను మాటయు మరువరాదు.

మిగిలిన యిరువదియొక్క లక్షలలో మూడు లక్షలు, అనగా ఏడాది ఖర్చు, వ్యాధి మొదలగు ఆపదలకై పొదుపు ఖాతాలో నుంచవలెను. తొమ్మిది లక్షలను రెండు వేర్వేరు బ్యాంకులలో నాలుగున్నర లక్షల వంతున వేయవలెను. అసలు, వడ్డీ కలిసి బీమా హద్దు దాటకుండ చూచుకొనవలెను. కడపటి తొమ్మిది లక్షలను సూచీ ననుసరించు మ్యూచువల్ ఫండులో, ఒక్కమారుగా గాక రెండు మూడేండ్లలో కొంచెము కొంచెముగా పెట్టి, పదేండ్లు ముట్టకూడదు. ధరల పెరుగుదల నెదుర్కొనుటకు ఇదియే విత్తనము. అది సగమునకు పడిన యేటను ఇంటిలో పొయ్యి వెలుగును గాన అమ్మవలసిన యగత్యము రాదు.

ఈ పంపకము ఆయన వయస్సునకును, ఖర్చునకును తగినది. నలువదేండ్లవానికిని, అప్పున్నవానికిని వేరుగా నుండును. అప్పున్నవాడు మొదట అప్పు తీర్చవలెను. క్రమము మాత్ర మందరికి నొకటే: తిండి మొదట, ఆపద నిధి తరువాత, ఆశ కడపట.

అంతయు విని యారైతు, "కుమారునికి కోపము వచ్చునే" యనిరి. ఆ తొమ్మిది లక్షల లెక్కను కుమారునికే యప్పగింపుడని చెప్పితిమి. ఆయన నవ్వుచు లేచి, భార్య పేరు వారసురాలిగా వ్రాయించుట యెట్లో యడిగి తెలిసికొని వెళ్లిరి.

సభ్యులారా, పొలము విక్రయించినచో సొమ్ము చేతికి వచ్చిన నెలలో ఎవరికిని మాట యీయకుడు. ఎవరైనను కాగితముపై సంతకము కోరినచో ఆ కాగితమును ముందుగా సంఘ కార్యాలయమునకు తెండు. కలిసి చదువుదము.